పసుపు డయల్ మీద ఒక్క మాట

మొదటి వాచీ చేతికొచ్చిన రోజు దాదాపు పావుగంట సేపు దానికి కీ ఇస్తూ కూర్చున్నాను. ఎంత తిప్పినా బిగుసుకోదు. మధ్యలో ఉన్న పొడవాటి ఎర్ర ముల్లు కదలదు. మోసపోయానేమో అని టెన్షన్ మొదలైంది. అప్పుడు కనిపించింది, నేను తిప్పినప్పుడల్లా డయల్ చుట్టూ ఉన్న పసుపు రింగు మెల్లగా జరుగుతోందని. నేను కొన్నది సీకో 6139, దానికి చేత్తో కీ ఇచ్చే ఏర్పాటే లేదు. చేతికి పెట్టుకుని తిరిగితే దానంతటదే బిగుసుకుంటుంది. కీని బయటికి లాగకుండా తిప్పితే తిరిగేది లోపలి రింగు. నొక్కితే తేదీ మారుతుంది, ఇంకాస్త లోపలికి నొక్కితే వారం పేరు మారుతుంది. మామూలు సెకన్ల ముల్లంటూ ఒకటి లేనే లేదు. ఆ ఎర్ర ముల్లు క్రోనోగ్రాఫ్‌ది, అంటే వాచీలోనే ఉండే స్టాప్‌వాచ్‌ది, పై బటన్ నొక్కితేనే పరిగెడుతుంది. అంటే నిక్షేపంలా నడుస్తున్న వాచీని పట్టుకుని చచ్చిపోయిందని కంగారు పడ్డానన్నమాట.

అంత తెలియనివాణ్ణి ఇప్పుడు రెండు వాచీల వెనక మూతల మీద అంకెలు చదివి ఏ నెలలో పుట్టాయో చెబుతున్నాను. మధ్యలో జరిగింది రాద్దామని.

నిజానికి నాకు కావాల్సింది ఒమెగా స్పీడ్‌మాస్టర్. ఏళ్ల తరబడి దాని గురించే చదివాను. 1957లో మొదలైన వాచీ, 1965లో నాసా పరీక్షల్లో నిలబడ్డ వాచీ, ఇదంతా అందరికీ తెలిసిందే. కలెక్టర్లు మాట్లాడుకునేది వేరు. దాని బెజెల్, అంటే అద్దం చుట్టూ అంకెలుండే పట్టీ మీద, 90 అనే అంకె దగ్గర ఒక చుక్క ఉంటుంది. పాత బెజెళ్ళలో ఆ చుక్క అంకెకి కాస్త పైన, సుమారు 1970 తర్వాతవాటిలో పక్కన. ఆ చుక్క అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండటం మీద మనుషులు రాత్రిళ్ళు మేలుకుని వాదించుకుంటారు. 1968లో లోపలి మెషిన్ 321 నుంచి 861 కి మారింది. క్రోనోగ్రాఫ్‌ని నడిపించి ఆపే కాలమ్ వీల్ అనే చక్రం పోయి, దాని బదులు కామ్ అనే బిళ్ళ వచ్చింది. దాని మీద ఇంకో వాదన. చదివే కొద్దీ నాకు ఆ వాచీ మీద కన్నా ఈ తేడాలు చూడటం మీద మోజు పెరిగింది. అయితే నేర్చుకునేటప్పుడు తప్పులు చేస్తామని తెలుసు కాబట్టి, తప్పు చేసినా తట్టుకోగలిగే వాచీ మీద చేద్దామనుకున్నాను. అలా 6139 దగ్గరికి వచ్చాను.

దీనికీ కథ తక్కువేం కాదు. ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ ముందు ఎవరు చేశారన్న పోటీలో 1969 జనవరిలో జెనిత్ ఎల్ ప్రిమెరో ప్రకటించింది. మార్చిలో హోయర్, బ్రైట్లింగ్, హామిల్టన్-బ్యూరెన్ కలిసి క్రోనోమాటిక్ ప్రకటించాయి. సీకో పెద్దగా చాటింపు వేయకుండా అదే ఏడాది 6139 ని అమ్మకానికి పెట్టేసింది. ఎవరు ముందు అన్నది తేలే విషయం కాదు, నాకు దాని మీద ఆసక్తీ లేదు. పసుపు 6139 కి ఉన్న ‘పోగ్’ అన్న ముద్దుపేరు మాత్రం వ్యోమగామి విలియం పోగ్ వల్ల వచ్చింది. 1973 నవంబరు 16న స్కైలాబ్ 4 అనే అంతరిక్ష యాత్రలో వెళ్ళి, 84 రోజులు అంతరిక్షంలో ఉండి, 1974 ఫిబ్రవరి 8న దిగాడు. నాసా ఇచ్చిన ఒమెగా ఉండగానే, శిక్షణలో అలవాటైన తన పసుపు సీకోని సూట్ జేబులో వేసుకెళ్ళాడు. ఎవరినీ అడక్కుండా. ఆ జేబు సంగతి తెలిశాక ఇంకే రంగు డయల్ వద్దనిపించింది నాకు. నీలం, వెండి రంగుల్లోనూ ఇదే వాచీ వచ్చింది, అవీ బాగుంటాయి, కానీ మనసు పసుపు మీదే.

అమ్మినాయన ‘అన్నీ ఒరిజినల్’ అన్నాడు. నమ్మాను. ఇప్పుడు ఆ మాట వింటే నవ్వొస్తుంది. ఆయన అబద్ధం చెప్పాడని కాదు. యాభై ఏళ్ళ వాచీకి ‘అన్నీ’ అన్నది ఎవరూ పూచీ పడలేని మాట. ఏ ముక్కకా ముక్క విడిగా సాక్ష్యం చెప్పాలి.

ఏడాది తర్వాత రెండోది కొన్నాను. అదీ పసుపే. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ‘ఒకటుందిగా’ అన్నారు, ఆ సంభాషణ వదిలేద్దాం. రెండు వాచీల్నీ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి, కిటికీ వెలుగులో భూతద్దంతో చూస్తున్నాను. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి వచ్చింది. “నాన్నా, ఆరు తేడాలు కనిపెట్టండి ఆటా?” అంది. ఆదివారం పేపర్లో పిల్లల పేజీలో రెండు బొమ్మలు వేసి ఇస్తారే, అది దానికి ప్రాణం. సరే చూడమన్నాను. నేను బెజెల్ దగ్గర తంటాలు పడుతుంటే అది వాచీల్ని ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు తిప్పి చూసి, “దీని ముందున్న మాట దాని వెనకుంది” అంది.

నాకు అర్థం కాలేదు. వేలు పెట్టి చూపించింది. మొదటి వాచీ డయల్ మీద సన్నటి అక్షరాల్లో ‘వాటర్ 70 మీ. ప్రూఫ్’ అని ఉంది. దాని వెనక మూత మీద ‘రెసిస్ట్’ అని ఉంది. రెండోదానికి సరిగ్గా తలకిందులు. డయల్ మీద ‘రెసిస్ట్’, వెనక ‘ప్రూఫ్’. ఏడాదిగా మొదటి వాచీని చేతికి పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ డయల్‌ని రోజుకి ఎన్నిసార్లు చూసుంటానో. మూత మీది మాట కూడా చదివాను. రెండూ కలిపి మాత్రం చదవలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. వాచీ బాగుందా లేదా అని చూడటం మానేసి, దానిలోని ముక్కలు ఒకదానితో ఒకటి ఒప్పుకుంటున్నాయా అని చూడటం మొదలుపెట్టాను.

ఆ మాట మారడానికి కారణం ఉంది. ‘వాటర్‌ప్రూఫ్’ అంటే నీరు ఎప్పటికీ చొరదన్న హామీ, అలాంటి హామీ ఏ వాచీ ఇవ్వలేదు కాబట్టి ఆ మాట వాడొద్దని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుబట్టింది. వాచీ కంపెనీలన్నీ క్రమంగా ‘రెసిస్ట్’లోకి దిగాయి. సీకో 6139లో ఈ మార్పు 1970 ప్రాంతంలో కనిపిస్తుంది. ఇంకొన్నేళ్ళకి డయల్ మీద నీటి ఊసే తీసేశారు, ‘క్రోనోగ్రాఫ్ ఆటోమేటిక్’ అన్న రెండు మాటలు మిగిలాయి. కాబట్టి ఆ చిన్న మాటని పట్టుకుంటే డయల్ వయసు ఇంచుమించుగా చెప్పేయొచ్చు.

వెనక మూత వయసు తెలుసుకోవడం ఇంకా తేలిక. ఆరంకెల సీరియల్ నంబరులో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకి సున్నా, నవంబరుకి ఎన్, డిసెంబరుకి డి. నా మొదటి వాచీది 40 తో మొదలవుతుంది. సున్నా నెల ఏమిటా అని తల గోక్కున్న రోజు నాకింకా గుర్తే. 1974 అక్టోబరు. పక్కనే 6139-6002 అని మోడల్ నంబరు. రెండోదానిది 95 తో మొదలవుతుంది, మోడల్ 6139-6000. దశకం చెప్పదు కదా, 9 అంటే 1969 కావచ్చు, 1979 కావచ్చు. ఇక్కడ కేస్ సాయపడింది. తొలి కేసుల్లో కీ దగ్గర గోరు దూర్చి లాగడానికి వీలుగా లోహాన్ని కాస్త తొలిచి ఉంచారు. తర్వాత ఆ గాడి తీసేశారు. నా రెండోదానికి ఆ గాడి ఉంది. కాబట్టి 1969 మే. అమ్మకానికి వచ్చిన మొదటి ఏడాది వాచీ అన్నమాట. కుర్చీలోంచి లేచి గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను.

కొత్తవాళ్ళు పడే ఒక కంగారు గురించి ఇక్కడే చెప్పేస్తాను, నేనూ పడ్డాను కాబట్టి. డయల్ అడుగున, ఆరో గంట దగ్గర, భూతద్దం లేకుండా చదవలేని సైజులో ఇంకో నంబరు ఉంటుంది. 6139 తో మొదలై చివర టి అక్షరం. అది వెనక మూత మీది నంబరుతో కలవదు. కలవక్కర్లేదు కూడా. అది డయల్‌కి ఫ్యాక్టరీ పెట్టుకున్న సొంత నంబరు. రెండూ కలవలేదని మంచి వాచీని తిప్పి పంపేసినవాళ్ళున్నారు.

నంబరు కలవకపోతే పర్లేదు. అసలు లేకపోతే? రెండో వాచీ డయల్ అడుగున ఎంత వెతికినా ఏమీ లేదు. ఉత్త పసుపు.

అక్కణ్ణుంచి మిగతావన్నీ వరసగా బయటపడ్డాయి. నిజమైన పాత డయల్‌ని కిటికీ వెలుగులో అటూ ఇటూ వంచితే మధ్యలోంచి అంచులకి కిరణాల్లా వెలుగు జరుగుతుంది. ఓ వైపు ముదురు బంగారం, మరో వైపు లేత పసుపు. రెండోదాన్ని ఎంత వంచినా పెయింట్ వేసిన రేకులా ఒకటే రంగు. అక్షరాలు చూస్తే, మొదటిదానిలో ‘ఆటోమేటిక్’లోని ప్రతి అక్షరం విడివిడిగా, గీత గీసినట్టుంది. రెండోదానిలో సిరా బ్లాటింగ్ పేపర్ మీద పడ్డట్టు అంచులు ఒలికి ఉన్నాయి. చీకట్లో టార్చి వేసి ఆర్పాను. మొదటిదాని గంటల గుర్తులు అలా మెరిసి వెంటనే ఆరిపోయాయి, యాభై ఏళ్ళ వయసుకి అంతే. రెండోవి ఆకుపచ్చగా వెలుగుతూ చాలాసేపు అలాగే ఉన్నాయి. ఈ మధ్య ఎవరో తయారుచేసిన నకిలీ డయల్, నిజమైన 1969 కేసులో కూర్చుని ఉంది.

మరి మొదటిది? దాని డయల్ నిజమైనదే, పైగా పాతది. కానీ కూర్చున్న ఇల్లు 1974ది. ఇంకా చూస్తే చుట్టూ ఉన్న రింగు నిమ్మపండు రంగు, డయల్ తేనె రంగు, అంటే రింగు నకిలీదన్నమాట. పక్కన రెండో వాచీ లేకపోతే ఆ తేడా నాకు తట్టేదే కాదు. రెండోదాని రింగు ముదిరి, మచ్చలు పడి, అచ్చం మొదటిదాని డయల్ రంగులో ఉంది. కానీ అది తిరగదు. ఈ వాచీల్లో చాలావాటికి అదే జబ్బు, రింగుని తిప్పే పళ్ళు అరిగిపోతాయి. కీ తిప్పితే లోపల కిరకిరమని ఖాళీగా తిరుగుతుంది.

కేసుల సంగతి క్లుప్తంగా చెబుతాను. పైభాగం బ్రష్ చేసి గరగరలాడుతూ, పక్కలు అద్దంలా నున్నగా ఉండాలి. ఆ రెండూ కలిసే చోట గీత పదునుగా ఉండాలి. మొదటిదాన్ని ఎవరో పాలిష్ చక్రానికి పట్టి సబ్బు బిళ్ళలా గుండ్రం చేశారు. రెండోదానికి గీతలు బోలెడు, కానీ అంచు బతికే ఉంది. పాలిష్ చేయించిన వాచీ కన్నా గీతలు పడ్డ వాచీ మేలని పుస్తకాల్లో చదివినప్పుడు ఒప్పుకోలేదు నేను. వేలితో తడిమి చూశాక ఒప్పుకున్నాను.

రెండూ తీసుకుని వాచ్ మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన. పాత సీకోలంటే ఆయనకి గౌరవం, వాటి యజమానులంటే అంత లేదు. నేను చెప్పేది సగం విని మూతలు తిప్పి పక్కన పెట్టాడు. మూత లోపలి వైపు సన్నటి సూదిగీతలు ఉన్నాయి. ఇంతకుముందు బాగుచేసినవాళ్ళు గీసుకున్న తేదీలు, సంతకాల్లాంటివి. 1969 దానిలో నాలుగు, 1974 దానిలో రెండు.

“ఎర్ర ముల్లు చూడండి సార్” అన్నాడు, నా చేతికి లూప్, అదే కంటికి పెట్టుకునే భూతద్దం, ఇచ్చి. మొదటిదాని పై బటన్ నొక్కాడు. ముల్లు అణుమాత్రం ఉలికిపడకుండా, అప్పటికే నడుస్తున్నట్టు జారిపోయింది. చాలా క్రోనోగ్రాఫుల్లో పళ్ళచక్రం పక్కనుంచి వచ్చి ఇంకో చక్రంలో ఇరుక్కుంటుంది, అప్పుడు ముల్లు ఒక్కసారి ఎగురుతుంది. 6139లో వర్టికల్ క్లచ్. పళ్ళు కలవాల్సిన పనే లేదు, ఒక బిళ్ళ ఇంకో బిళ్ళ మీద నిలువుగా వాలి పట్టుకుంటుంది. ముల్లు ఎగరదు. అందుకే క్రోనోగ్రాఫ్‌ని రోజంతా నడవనిచ్చి సెకన్ల ముల్లులా వాడుకునేవాళ్ళు ఎక్కువ. రెండోదానిలో మొదలవడం బాగానే ఉంది గానీ, కింది బటన్ నొక్కితే ముల్లు పన్నెండు మీదికి కాకుండా ఓ వెంట్రుకవాసి ఇవతలే ఆగిపోయింది. “ఇది సర్దొచ్చు. శుభ్రం చేసి నూనె వేయాలి, రెండింటికీ” అన్నాడు.

ఇక అసలు ప్రశ్న అడిగాను. ఈ డయల్ తీసి ఆ కేసులో పెడితే?

“కూర్చుంటుంది. రెండూ 6139లే కదా. ముళ్ళు పీకాలి, అదొక్కటే భయం.”

నేను అడిగింది కూర్చుంటుందా అని కాదు. ప్రూఫ్ డయల్, ప్రూఫ్ మూత, గాడి ఉన్న కేస్, ముదిరిన రింగు. అన్నీ ఒకే కాలానివి. కాగితం మీద తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. కానీ ఆ డయలూ ఆ కేసూ ఫ్యాక్టరీలో ఏనాడూ ఒకదాన్నొకటి చూసుకోలేదు. నేను కలుపుతున్నాను. రేపు ఇంకెవరో భూతద్దం పట్టుకుని చూసి ‘అన్నీ ఒరిజినల్’ అనుకుంటారు. స్పీడ్‌మాస్టర్ కలెక్టర్లు పాత బెజెల్ విడిగా కొని కొత్త వాచీకి తగిలిస్తే నేను ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చింది. ఇదేమో సరైన కాలపు ముక్కని సరైన కాలపు వాచీకి పెట్టడం, అది వేరు అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంతవరకు వేరో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను. పెద్దాయన చేతులు కట్టుకుని నా మొహం చూస్తున్నాడు. “ఎప్పుడో లోపలికి నీళ్ళు పోయి, ఎవరో డయల్ మార్చుంటారు సార్. వాళ్ళు ఇంత ఆలోచించి ఉండరు” అన్నాడు.

మార్పించాను.

వారం తర్వాత తెచ్చుకుని కిటికీ దగ్గర వంచి చూశాను. తేనె రంగు డయల్ చుట్టూ తేనె రంగు రింగు. వెలుగు మధ్యలోంచి బయలుదేరి డయల్ దాటి రింగు మీదికి కూడా ఆగకుండా జారింది. ఇన్నాళ్ళూ నిమ్మపండు రింగు దగ్గర ఆ వెలుగు తెగిపోయేదని ఇప్పుడు తెలిసింది. మా అమ్మాయిని పిలిచి చూపించాను. రెండు వైపులా తిప్పి చూసి, “ఇప్పుడు తేడాలే లేవు, బోర్” అని వెళ్ళిపోయింది.

పెట్టెలో ఒక చీటీ పెట్టాను. ఏ డయల్ ఏ సీరియల్ నంబరు వాచీలోంచి వచ్చింది, ఎప్పుడు మార్చాం, రింగు ఏది, ఏవి మార్చలేదు. సంతకం పెట్టి తేదీ వేశాను. నా తర్వాత ఇది ఎవరికి చేరినా చీటీతో సహా చేరాలని ఇంట్లో చెప్పి ఉంచాను. చీటీ పోతుందేమో అని ఫొటో కూడా తీసి పెట్టాను. కాస్త అతిగానే ఉందని నాకూ తెలుసు.

ఇక మొదట కొన్న వాచీని అమ్మేయాలనుకున్నాను. 1974 కేస్, దానిలో నకిలీ డయల్, నిమ్మపండు రింగు. తమాషా ఏమిటంటే దాని ముందూ వెనకా ఇప్పుడు ఒకటే మాట ఉంది, ‘రెసిస్ట్’. నాలాంటివాడు ఎవడైనా ఆ ఒక్క మాట చూసి మోసపోవచ్చు. అందుకని ప్రకటనలో అన్నీ రాశాను. డయల్ తర్వాతి కాలపు నకిలీ, రింగు నకిలీ, కేస్ పాలిష్ అయింది, మెషిన్ మాత్రం ఒరిజినల్, ఈ మధ్యే సర్వీస్ చేయించాను. ఫొటోలో డయల్ అడుగున నంబరు లేని చోట బాణం గుర్తు కూడా వేశాను. ఇంత చెప్పాక ఎవరు కొంటారులే అనుకున్నాను.

రెండు రోజులకి ఒకాయన ఫోన్ చేశాడు. చిన్నప్పుడు వాళ్ళ మామయ్య చేతికి ఇలాంటిదే ఉండేదట. నేను మళ్ళీ మొదలుపెట్టాను, డయల్ సంగతి, కేస్ సంగతి, 1974 అక్టోబరు సంగతి. ఓపిగ్గా విన్నాడు.

“అదంతా సరేనండీ. కీ తిప్పితే లోపల రింగు తిరుగుతుందా? మా మామయ్యది తిప్పుకుంటూ కూర్చునేవాణ్ణి.”

తిరుగుతుందండీ అన్నాను. దానిది తిరుగుతుంది. నా దగ్గర మిగిలినదానిది తిరగదు.